పరులకై ప్రార్థన

తన కొరకు ప్రార్థించడం ఎవరికీ నేర్పనక్కరలేదు. జ్వరపడిన బిడ్డ తలాపున కూర్చున్న తల్లికి, తుఫానులో చిక్కుకున్న పడవవానికి ప్రార్థన తనంతట తానే నోటికి వస్తుంది. పరుల కొరకు ప్రార్థించడం మాత్రం నేర్చుకొనవలసిన విద్య. ఎన్నడూ ముఖం చూడని మనిషి, పలకడానికి నోరు తిరగని పేరుగల ఊరిలో పడుతున్న బాధ తన బాధ అయ్యేవరకు ఓపిక పట్టి కూర్చోవడం ఆ విద్యలో మొదటి పాఠం. తెలుగు క్రైస్తవులు ఈ ప్రార్థనను విజ్ఞాపన అంటారు. ఆ మాట కచేరీలలో కూడా వాడుకలో ఉన్నదే. అధికారి ఎదుట అర్జీ పట్టుకొని నిలబడినవాడు చేసేది విజ్ఞాపనే. ఎవరి పక్షాన, ఏ ఊరివారి పక్షాన, ఏ అన్యాయం గురించి అన్న వివరం లేని అర్జీని ఏ కచేరీలోను పుచ్చుకోరు. భగవంతుని కచేరీలో నియమాలు అంత కఠినం కాకపోవచ్చు గాని, అర్జీ వ్రాసేవానికి మాత్రం ఆ వివరం తెలియవలసి ఉన్నది.

ఆదివారపు ఆరాధనలో లోకమంతటా హింసలపాలైన విశ్వాసుల కొరకు ఒక వాక్యం చెప్పడం అనేక సంఘాలలో ఆనవాయితీ. క్రైస్తవ సంఘం పుట్టినది చెరసాలల నీడలోనే కాబట్టి, బందీలను తలచుకొనడం దానికి తొలినాటి నుండి వచ్చిన అలవాటు. కాని అలవాటు అయిన మాట క్రమంగా అరిగిపోతుంది. హింసలపాలైనవారు అన్న మాటలో ఏ ముఖమూ కనిపించదు. వినేవాడు ఆమేన్ అంటాడు. మరుక్షణం రోగుల కొరకు, పరీక్షలు వ్రాసే పిల్లల కొరకు ప్రార్థన మొదలవుతుంది. ఇంటికి వెళ్ళేదారిలో చిత్తశుద్ధిగల మనిషికి ఒక సందేహం తప్పక కలుగుతుంది. ఈ మాట ఎవరికి అందినది? తుపాకి పట్టిన చేతిని అది ఆపగలదా? ఏమీ చేయలేని నిస్సహాయతను కప్పిపుచ్చుకొనడానికి చెప్పుకొనే మాట కాదు గదా? ఈ సందేహానికి తర్కంతో సమాధానం చెప్పడం కష్టం. ఒక దేశాన్ని తీసుకొని, అక్కడ ప్రార్థన ఏమి చేసినదో, ఏమి చేయలేకపోయినదో చూడడం మేలు. అందుకు తెలుగువానికి బర్మాకంటె దగ్గర దేశం లేదు.

ఉత్తరాంధ్రలో పెద్దలు రంగూనును రంగం అనేవారు. రంగం పోయినాడంటే పొట్ట చేతపట్టుకొని సముద్రం దాటినాడని అర్థం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి వెళ్ళినవారు కావడంచేత అక్కడివారు తెలుగువారిని కోరంగీలు అన్నారు. రేవులో మూటలు మోసినది, రిక్షాలు లాగినది, వరి మిల్లులలో చెమటోడ్చినది వారే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టినారు. వారి స్థానంలో బర్మీయులను తెచ్చి, సమ్మె తీరగానే ఆ బర్మీయులను వెళ్ళగొట్టినందువల్ల అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయినారు. వారిలో ఎక్కువమంది తెలుగువారు. 1942లో జపాను సైన్యాలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగి వచ్చినారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు. 1962లో జనరల్ నెవిన్ అధికారం చేజిక్కించుకొని, 1964లో వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మిగిలినవారిలో పెక్కుమంది ఓడలెక్కినారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట ఆ కాందిశీకుల పేరనే నిలిచినది. అందుచేత బర్మా జనం కొరకు ప్రార్థించే తెలుగువాడు, తన తాతను తరిమిన నేల కొరకు ప్రార్థిస్తున్నాడన్న మాట. ఆ ప్రార్థన సులభమైనదని ఎవరూ అనలేరు.

బర్మాలో క్రైస్తవం ఆదిలోనే చెరసాల చూసినది. అడొనిరాం జడ్సన్, ఆయన భార్య ఆన్ 1813 జులైలో రంగూను చేరినారు. మొదటి బర్మీయుడు బాప్తిస్మం పొందడానికి 6 సంవత్సరాలు పట్టినది. 1824లో ఆంగ్లేయులకు, ఆవా రాజుకు యుద్ధం వచ్చినది. జడ్సన్ అమెరికా దేశస్థుడు. అయినా తెల్లవాడు కాబట్టి వేగులవాడన్న అనుమానంతో ఆయనను చెరలో వేసినారు. రాత్రివేళ ఖైదీల కాళ్ళను వెదురు బొంగుకు కట్టి పైకి లాగేవారు. వీపు, తల మాత్రమే నేలకు ఆనేవి. ఆన్ గర్భవతి అయి ఉండి కూడా అధికారుల ఇళ్ళ చుట్టూ తిరిగినది. బర్మా భాషలోకి అనువాదమవుతున్న బైబిలు వ్రాతప్రతిని దిండులో పెట్టి కుట్టి భర్తకు చెరసాలలో అందించినది. ఖైదీలను వేరొక చెరకు మార్చినప్పుడు భటులు దిండు గలీబు ఊడదీసుకొని, లోపలి దూదిముద్దను పారవేసినారు. దానిని మౌంగ్ ఇంగ్ అనే శిష్యుడు గురువు గుర్తుగా దాచుకొన్నాడు. కొన్ని నెలల తరువాత చూస్తే లోపల వ్రాతప్రతి చెక్కుచెదరకుండా ఉన్నది. 1834లో ఆ అనువాదం పూర్తయినది. ఆన్ మాత్రం 1826లోనే కన్నుమూసినది.

ఈ కథను మిషనరీ గ్రంథాలు తరచు చెప్తవి. వాటిలో అంతగా నొక్కి చెప్పని విషయం ఒకటి ఉన్నది. జడ్సన్‌ను చెరలో వేసినవారి భయం పూర్తిగా ఆధారం లేనిది కాదు. ఆ మతం వచ్చిన సముద్రమార్గానే ఫిరంగులు కూడా వచ్చినవి. 1826లో, 1852లో, 1885లో మూడు విడతలుగా బర్మా తన స్వాతంత్ర్యాన్ని పోగొట్టుకొన్నది. పరదేశి మతం, పరదేశి దొరతనం ఒకే ఓడలో దిగినవన్న అనుమానం అప్పటి నుండి బర్మా క్రైస్తవుని వెన్నంటి ఉన్నది. కరెన్, కచిన్, చిన్ కొండజాతులలో ఈ మతం త్వరగా వ్యాపించినది. ఓలా హాన్సన్ కచిన్ భాషకు లిపి కూర్చి, 1926 నాటికి బైబిలు అనువాదం పూర్తి చేసినాడు. చిన్ కొండలలో కార్సన్ దంపతులు 1899లో హాఖా చేరినారు. లిపి లేని జాతులకు ఈ గ్రంథం చదువు ఇచ్చినది. చదువు వారికి తాము వేరొక జనమన్న స్పృహ ఇచ్చినది. బర్మీయ జాతీయవాది కంటికి ఆ స్పృహ మరొక నేరంగా కనిపించినది.

1947 ఫిబ్రవరి 12న ప్యాంగ్లాంగ్‌లో జనరల్ ఆంగ్ సాన్ చిన్, కచిన్, షాన్ నాయకులతో ఒడంబడిక చేసుకొన్నాడు. కొండప్రాంతాలకు తమ పాలన తమకే ఉంటుందన్న ఆశ మీద వారు కొత్త రాజ్యంలో చేరినారు. 6 నెలలు గడవకముందే ఆంగ్ సాన్ హత్యకు గురి అయినాడు. 1949లో కరెన్‌లు ఆయుధం పట్టినారు. 1961లో ఊ నూ ప్రభుత్వం బౌద్ధాన్ని రాజ్యమతంగా చేసినది. కచిన్‌ల తిరుగుబాటు కూడా ఆ ఏటనే మొదలైనది. మరుసటి ఏడు సైన్యం వచ్చి రాజ్యాంగాన్నే చుట్ట చుట్టి మూల పడవేసినది. 1965లో మిషను పాఠశాలలు ప్రభుత్వపరం అయినవి. 1966 నాటికి విదేశీ మిషనరీలు దేశం విడవవలసి వచ్చినది. సైన్యం చూపులో దేశమంటే ఒక జాతి, ఒక భాష, ఒక మతం. ఆ కొలతకు సరిపడని ప్రతివాడు పరాయివాడే.

హింస అనగానే చదువరి మనసులో రక్తం కనిపిస్తుంది. నిత్యం జరిగేది అంత కొట్టవచ్చినట్లు ఉండదు. గుడికి కప్పు వేసుకొనడానికి అనుమతి కావలెను; అర్జీ కచేరీ నుండి కచేరీకి ఏళ్ళ తరబడి తిరుగుతుంది. చిన్ గ్రామాలలో కొండ శిఖరాన శిలువ నిలపడం ఆచారం. 1990 తరువాతి సంవత్సరాలలో సైనికాధికారులు అట్టి శిలువలను అనేకచోట్ల పడగొట్టించినారు; కొన్నిచోట్ల నాటినవారి చేతనే పీకించినారు. పేదపిల్లలకు ఉచితంగా చదువు, భోజనం పెడతామని చెప్పి సరిహద్దు వసతిపాఠశాలలలో చేర్చుకొని, క్రైస్తవ బాలురకు తల గొరిగి కాషాయం కట్టించినారు. సైనికుల మూటలు మోయడానికి గ్రామస్థులను ఆదివారమని చూడకుండా పట్టుకుపోయినారు. వీటిలో ఏ ఒక్కదాని గురించి కూడా పత్రికలలో పెద్ద అక్షరాలు పడవు. రోజుకొక చిన్న అవమానంగా మనిషి నుండి అతని పేరును, అతని దేవుని పేరును లాగివేయడం ఈ పాలన పద్ధతి.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారాన్ని స్వాధీనం చేసుకొన్నది. ఎన్నికైన నాయకులు చెరలో పడినారు. ఈసారి కొండవారు, మైదానపువారు, బౌద్ధులు, క్రైస్తవులు, ముస్లిములు కలిసి వీథులలోకి వచ్చినారు. ఆ సెప్టెంబరులో చిన్ రాష్ట్రంలోని తంత్లాంగ్ పట్టణం మీద ఫిరంగి గుండ్లు పడి ఇళ్ళు అంటుకొన్నవి. ఆ మంట ఆర్పడానికి వెళ్ళిన కుంగ్ బియాక్ హుమ్ అనే యువ బాప్తిస్టు కాపరిని సైనికులు కాల్చి చంపినారు. ఉంగరం వ్రేలిని కోసుకుపోయినారు. పట్టణమంతా ఖాళీ అయినది. అక్టోబరు 29న ఒక్కరోజున 160కి పైగా ఇళ్ళు తగలబడినవి. వాటి నడుమ ఉన్న గుడులు కూడా కాలినవి. ఆ డిసెంబరు 24న, క్రిస్మస్ ముందునాడు, కయా రాష్ట్రంలోని మో సో గ్రామం దగ్గర కనీసం 35 మందిని చంపి వాహనాలతో పాటు దహనం చేసినారు. 2023 నవంబరులో లోయికా పట్టణంలోని కాథలిక్ ప్రధానదేవాలయపు ఆవరణను సైన్యం ఆక్రమించగా, పీఠాధిపతి, ఆయన ఆశ్రయంలో ఉన్న వృద్ధులు, రోగులు వెళ్ళిపోవలసి వచ్చినది. 2024 జనవరి 7 ఆదివారం. భారతదేశ సరిహద్దుకు సమీపంలోని కానన్ గ్రామంలో, ఆరాధనకు జనం చేరిన ఉదయపు వేళ విమానం నుండి బాంబులు పడి 17 మంది చనిపోయినారు. వారిలో 9 మంది పిల్లలు.

ఇన్ని పేర్లు, ఇన్ని తేదీలు ఎందుకని చదువరి అడగవచ్చు. ఈ వివరాలతోనే విజ్ఞాపన మొదలవుతుంది. తంత్లాంగ్ అన్న మాట నోటికి అలవాటు కావడానికి పదిసార్లు పలకవలసి ఉంటుంది. ఆ పదిసార్లు పలికే లోపల ఆ పట్టణంలో ఒక వీథి, వీథిలో ఒక కాలిన తలుపు మనసుకు కనిపించడం మొదలవుతుంది. సైనిక పాలన చేసే పని జనాన్ని సంఖ్యలుగా, శత్రువులుగా, పేరులేని గుంపుగా మార్చడం. దానికి ఎదురుగా ప్రార్థించేవాడు చేయగల మొదటి పని వారిని వారి పేర్లతో పిలవడం. ఇది అల్పమైన పనిగా తోచవచ్చు. కాని చెరసాలలో ఉన్నవాని పేరు బయట ఎవరూ పలకకపోవడమే చెరసాల అధికారికి కావలసినది.

కచిన్ బాప్తిస్టుల నాయకుడు ఖలం శాంసన్ జీవితం దీనికి ఉదాహరణ. 2019లో ఆయన అమెరికా అధ్యక్షుని కలుసుకొని తన జనం మీద సాగుతున్న హింసను చెప్పినాడు. పరదేశి అండ చూసుకొని మాట్లాడుతున్నాడన్న ఆ పాత అనుమానం మళ్ళీ మేలుకొన్నది. 2022 డిసెంబరులో మాండలే విమానాశ్రయంలో ఆయనను పట్టుకొన్నారు. 2023 ఏప్రిలులో 6 సంవత్సరాల శిక్ష వేసినారు. ఆయనపై మోపిన చట్టాలలో ఒకటి చట్టవిరుద్ధ సంఘాల చట్టం. ఆంగ్లేయులు 1908లో, వంగదేశంలోని స్వదేశీ విప్లవకారులను అణచడానికి చేసిన శాసనం నుండి వచ్చినదే అది. దొరలు పోయినా దొరల సంకెల మిగిలినది. 2024 ఏప్రిలులో క్షమాభిక్షతో విడిచిపెట్టి, ఇంటికి చేరిన కొద్ది గంటలకే మళ్ళీ తీసుకుపోయినారు. చివరకు జులైలో విడిచినారు. ఆ 19 నెలలు ఎన్నో భాషలలో ఆయన పేరు ప్రార్థనలో వినిపించినది. విడుదలకు ఆ ప్రార్థనలే కారణమని ఎవరూ నిరూపించలేరు. ఆయనను లోకం మరచిపోలేదన్నంత వరకు నిశ్చయంగా చెప్పవచ్చు.

ప్రార్థనకు దేహం కూడా ఉన్నది. కచిన్ రాష్ట్ర రాజధాని మిచినాలో ఆన్ రోజ్ ను తాంగ్ అనే కాథలిక్ కన్యాస్త్రీ వైద్యశాలలో సేవ చేసేది. 2021 ఫిబ్రవరి చివరి రోజున, మళ్ళీ మార్చి 8న, నిరసనకారులను తరుముతున్న పోలీసుల ఎదుట ఆమె వీథిలో మోకరిల్లినది. ఈ పిల్లలను కాల్చవద్దు, కావలెనంటే తనను కాల్చండి అని వేడుకొన్నది. మార్చి 8న ఇద్దరు పోలీసులు కూడా ఆమె ఎదుట మోకరిల్లి చేతులు జోడించినారు. ఆ ఛాయాచిత్రం లోకమంతా చూసినది. చిత్రంలో కనిపించని భాగం కూడా చెప్పవలెను. కొద్దిసేపటికి కాల్పులు మొదలైనవి. ఇద్దరు మనుషులు చనిపోయినారు. ఆమె ప్రార్థన ఫలించినదా, విఫలమైనదా అన్న ప్రశ్నకు ఆ వీథిలోనే రెండు సమాధానాలు ఉన్నవి. ఫలితం చేతిలో లేకపోయినా, తుపాకికి, బిడ్డకు నడుమ ఒక స్థలం ఉన్నదనీ, మనిషి అక్కడ మోకరిల్లగలడనీ ఆమె చూపినది. దూరాన ఉండి ప్రార్థించేవాడు తన మాట ఆ స్థలానికి ఎంత దూరంలో ఉన్నదో కొలుచుకొనక తప్పదు.

ఈ ధైర్యం క్రైస్తవుల సొత్తు కాదు. ఆ నేల మీద అంతకు పూర్వమే బౌద్ధభిక్షువులు ప్రార్థనను తిరస్కారంగా మార్చినారు. వినయశాస్త్రంలో ఒక కర్మ ఉన్నది. సంఘానికి ద్రోహం చేసిన గృహస్థు నుండి భిక్ష స్వీకరించక పాత్రను బోర్లించడం. పుణ్యం సంపాదించుకొనే దారి మూసివేయడం కాబట్టి, బౌద్ధునికి ఇది సామాన్యమైన శిక్ష కాదు. 1990లో మాండలే భిక్షువులు సైనికుల భిక్షను నిరాకరించినారు. 2007 సెప్టెంబరులో పకొక్కులో భిక్షువులను కొట్టినందుకు మళ్ళీ పాత్రలు బోర్లించి, వేలాదిగా వీథులలో నడిచినారు. నడుస్తూ నినాదాలకు బదులు మెత్తసుత్తం పఠించినారు. సమస్త ప్రాణులు సుఖంగా ఉండవలెనన్న మైత్రీభావన అది. సైనికుడు కూడా ఆ ప్రాణులలో ఒకడే. ఆ నెల 26 నుండి లాఠీలు, తూటాలు పడినవి; మఠాల మీద రాత్రివేళ దాడులు జరిగినవి. అణగారిన బర్మా కొరకు ప్రార్థించే క్రైస్తవుని నోట ఆ భిక్షువుల ప్రసక్తి రాకపోతే, అతనికి బర్మా తెలియదనే చెప్పవలెను.

ఇంకొక పేరు ఉన్నది. దానిని పలకడానికి బర్మా క్రైస్తవ సంఘం కూడా చాలకాలం జంకినది. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన జాతుల జాబితాలో రోహింగ్యాలు లేరు. 2017 ఆగస్టు 25 తరువాత సైన్యం సాగించిన దహనకాండ వలన 7 లక్షలకు పైగా ముస్లిములు బంగ్లాదేశ్‌కు పారిపోయినారు. అప్పుడు దేశంలో వారి పక్షాన పలికిన గొంతులు బహు స్వల్పం. సైన్యం చేత తామే ఎన్నో దెబ్బలు తిన్న జాతులు కూడా మౌనం వహించినవి. ఆ నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ బర్మాకు వచ్చినాడు. ఆ పేరు ఉచ్చరిస్తే మైనారిటీ అయిన క్రైస్తవులకు కీడు కలుగుతుందన్న స్థానిక సంఘపు సలహాను పాటించి, బర్మాలో ఉన్నన్ని రోజులు ఆ మాట అనలేదు. డిసెంబరు 1న ఢాకాలో 16 మంది కాందిశీకుల చేతులు పట్టుకొని మాట్లాడి, క్షమాపణ అడిగి, అప్పుడు ఆ పేరు పలికినాడు.

ఆ సలహాను తేలికగా నిందించరాదు. తుపాకి నీడలో బ్రతికేవారి జాగ్రత్తను దూరదేశంలో ఉన్నవాడు పిరికితనమనడం న్యాయం కాదు. అయినప్పటికి ఇక్కడ ప్రార్థనకు ఒక పరీక్ష ఎదురైనది. తనవారి కొరకు మాత్రమే చేసే విజ్ఞాపన, కొంచెం పెద్దదైన స్వార్థంగా మిగిలే ప్రమాదం ఉన్నది. హింసింపబడిన క్రైస్తవుడని అర్జీలో వ్రాసేటప్పుడు బరువు ఏ మాట మీద పడుతున్నది? క్రైస్తవుడు అన్న మాట మీదనే పడితే, పక్క ఊరిలో తగలబడుతున్న మసీదు కంటికి కనిపించదు. హింసింపబడిన అన్న మాట మీద పడితే రెండూ కనిపిస్తవి. 2021 తరువాత ఎందరో బర్మీయులు, తమ వీథులలోకి అదే సైన్యం వచ్చినప్పుడు, రోహింగ్యాలను బహిరంగంగా క్షమాపణ అడిగినారు. దెబ్బ తిన్న తరువాత వచ్చిన జ్ఞానమే అయినా, అది జ్ఞానమే.

సరిహద్దుకు ఈవల మిజోరాంలో ప్రార్థన మరొక రూపం ధరించినది. చిన్‌లు, మిజోలు ఒకే వంశవృక్షపు కొమ్మలు. 2021 మార్చిలో, బర్మా నుండి వచ్చేవారిని అడ్డుకొనవలసినదిగా కేంద్రప్రభుత్వం ఈశాన్య రాష్ట్రాలకు ఉత్తరువు పంపినది. మిజోరాం ముఖ్యమంత్రి జోరాంథంగా తమ రక్తబంధువుల బాధకు తాము విముఖులం కాలేమని ప్రధానమంత్రికి లేఖ వ్రాసినాడు. పట్టుమని 11 లక్షల జనాభా లేని రాష్ట్రంలో 30,000 మందికి పైగా కాందిశీకులు తలదాచుకొన్నారు. సంఘాలు, గ్రామపెద్దలు, యువజనులు బియ్యం, దుప్పట్లు, వెదురు పోగుచేసినారు. మిజోలకు తమ గతం గుర్తున్నది. 1966 మార్చిలో ఐజ్వాల్ పట్టణం మీద స్వదేశపు విమానాలే బాంబులు వేసినవి. అప్పుడు చాలామంది తూర్పున చిన్ కొండలలోకి పారిపోయి ప్రాణాలు దక్కించుకొన్నారు. తిరుగుబాటు 1986 జూన్ 30న ఒడంబడికతో ముగిసినది. జోరాంథంగా కూడా ఒకనాటి తిరుగుబాటుదారే.

మిజో ఇల్లాలు ప్రతిపూట వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి దేవుని పని కొరకు వేరుగా ఉంచుతుంది. ఈ ఆచారం 20వ శతాబ్ది ఆరంభం నుండి ఉన్నది. తెలుగు సంఘాలకు కూడా పిడికెడు బియ్యం కొత్త మాట కాదు. కూలినాలి చేసుకొనే స్త్రీలు తమ గింజల నుండి తీసి కుండలో వేసిన బియ్యంతో ఎన్ని గుడులు లేచినవో ఆ సంఘాల పెద్దలకు తెలుసు. పరుల కొరకు ప్రార్థించడం వంటింటిలో మొదలవుతుందని ఆ పిడికెడు చెప్తుంది. అది లేకుండా వేదిక మీద చెప్పిన ప్రార్థన ఎంత దీర్ఘమైనా తేలికగానే ఉంటుంది.

ఆ మార్చిలో మిజోరాం సరిహద్దు దాటి వచ్చినవారిలో బర్మా పోలీసులు కూడా ఉన్నారు. జనం మీద కాల్పులు జరుపవలెనన్న ఆజ్ఞను తిరస్కరించి, ఉద్యోగం, ఇల్లు, కుటుంబం వదలి నడిచి వచ్చినామని వారు చెప్పినారు. నిన్న హింసకుని చేతిలో కర్రగా ఉన్నవాడు నేడు కాందిశీకుడై అదే గంజి త్రాగినాడు. హింసించేవాని కొరకు ప్రార్థించవలెనన్న క్రైస్తవ బోధ, విన్నంతనే ఎవరికైనా ఎబ్బెట్టుగా తోస్తుంది. కాలిన గ్రామం నుండి వచ్చిన తల్లికి ఆ బోధ చెప్పడానికి నోరు రాదు, చెప్పకూడదు కూడా. ఆమెకు మొదట కావలసినది న్యాయం. కాని మోకరిల్లిన ఆ ఇద్దరు పోలీసులను, సరిహద్దు దాటిన ఆ భటులను తలచుకొన్నప్పుడు ఆ బోధలోని అర్థం కొంత తెలుస్తుంది. ఆజ్ఞకు, తూటాకు నడుమ ఒక మనిషి ఉన్నాడు. అతడు ఒకనాటి ఉదయం కాల్చను అని అనవచ్చు. ఆ ఒక్క మాట కొరకు ప్రార్థించడం సైన్యాన్ని క్షమించడం కాదు.

ఇంతా చెప్పి, మొదటి సందేహాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2021 నుండి ఎందరు ప్రార్థించినా విమానాలు ఆగలేదు. 2024 నాటికి ఐక్యరాజ్య సమితి అంచనా ప్రకారం ఆ దేశంలో ఇల్లు వదలి దేశంలోనే తిరుగుతున్నవారు 30 లక్షలకు పైగా ఉన్నారు. 2025 మార్చి 28న భూకంపం వచ్చి మాండలే, సగాయిం ప్రాంతాలు కూలిన తరువాత కూడా బాంబులు పడినవి. ప్రార్థన ఒక మీట, నొక్కితే లోకం మారుతుందని చెప్పేవాడు ఆ తల్లుల ఎదుట నిలువలేడు. ప్రార్థన మొదట మార్చేది ప్రార్థించేవానినే అని పెద్దలు అంటారు. అది నిజమే గాని, బాధపడేవానిని తన ఆత్మశుద్ధికి సాధనంగా చేసుకొనే చిన్న దోషం ఆ మాటలో ఉన్నది. బర్మా నేర్పే పాఠం అంతకంటె సాదాగా ఉన్నది. ప్రార్థించేవాడు పేరు తెలుసుకొంటాడు. పేరు తెలిసినవానిని మరచిపోవడం కష్టం. మరచిపోనివాడు తలుపు తట్టినప్పుడు తలుపు తీయకుండా ఉండడం ఇంకా కష్టం. మిజోరాంలో తలుపులు తెరుచుకొన్నది ఆ వరుసలోనే.

ఈ విషయంలో తెలుగు సంఘానికి ఒక పాత ఋణం ఉన్నది. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో బాప్తిస్టు మిషను సభ జరిగినది. గోడకు కట్టిన పటంలో మిషను కేంద్రాలన్నీ నక్షత్రాలుగా గుర్తింపబడి ఉన్నవి. బర్మా మీద ఎన్నో నక్షత్రాలు. బంగాళాఖాతానికి ఈవల నెల్లూరు దగ్గర ఒకే ఒకటి. ఫలితం లేని ఆ కేంద్రాన్ని మూసివేయడమా, మానడమా అన్నది చర్చ. దానిని ఒంటి నక్షత్రమని ఒకరు అన్న మాట పట్టుకొని మూసివేతను ఆపినారు. మరుసటి సంవత్సరం జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీదకు అయిదుగురు ఎక్కినారు. జెవెట్ దొర, ఆయన భార్య, వారితో నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువారు. క్రింద నిద్రిస్తున్న పల్లెల కొరకు, అందులోను ఊరి వెలుపల ఉంచబడిన జనం కొరకు వారు ప్రార్థించినారు. ఆ పల్లెలలో వారికి తెలిసినవారు బహు తక్కువ. తాము పోయే లోపల ఏదైనా జరుగుతుందన్న హామీ ఏదీ వారికి లేదు.

ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. అక్కడ నిలబడినవానికి తూర్పుగా సముద్రం ఉన్నది. సముద్రానికి ఆవల బర్మా ఉన్నది. జడ్సన్ దేహం 1850లో కలిసినది ఆ బంగాళాఖాతంలోనే. తెలుగు కూలీలు రంగం పోయినది, తిరిగి వచ్చినది దాని మీదుగానే. ఒకనాడు ఆవలి ఒడ్డున నక్షత్రాలు ఎక్కువగా ఉండి ఈవలి ఒడ్డు కొరకు ప్రార్థన జరిగినది. నేడు వంతు మారినది. ఆదివారం ఆ ఊళ్ళలో ఏదో ఒక గుడిలో, పిడికెడు బియ్యం కుండలో వేసి వచ్చిన ముసలామె లేచి నిలబడి, తంత్లాంగ్, మో సో, కానన్ అని తడబడుతూ పలుకుతుందనుకొందాం. నాలుగవ పేరుగా రోహింగ్యాలను, అయిదవదిగా కాల్చనని తుపాకి దించిన భటుని కలుపుకొంటే, ఆమె అర్జీలో వివరాలన్నీ సరిపోయినట్లే.